దాహాలమ్మ కొండకు రాని దంపతులు

దాహాలమ్మ కొండ ఎక్కదలచినవాళ్లు ముందు గొంతు ఎండగట్టుకోవాలి. అది అక్కడి ఆచారం. బస్సు దిగి మైలు దూరం నడిచి, ఊరి మొదట్లో చెప్పులు విడిచి, ఎదురైన మొదటి గడప ముందు నిలబడి, "అమ్మా, దాహం" అని నోరు తెరిచి అడగాలి. ఇంటావిడ చెంబుతో నీళ్లు తెస్తుంది. ఎక్కణ్ణుంచి వచ్చారు, ఏం ఆపద మీద వచ్చారు అని అడిగి ఇస్తుంది. తాగి, చివరి గుక్క గడప పక్కనున్న మొక్కకు పోసి అప్పుడు కొండెక్కాలి. వెనకటికి అమ్మవారే బాటసారిగా వచ్చి ఆ ఊళ్లో నీళ్లడిగిందట. ఇచ్చిన గడప ఒక్కటేనట. అప్పటినుంచీ ఎంతవాడైనా సరే, పరాయి గడప ముందు తల వంచి అడిగి తాగాల్సిందే. సీసాలో నీళ్లు తెచ్చుకుని తాగి ఎక్కినవాడు గుడి చూసి వచ్చినట్టే గాని అమ్మను చూసినట్టు కాదు.

రేపల్లెలో ఉండే పేరయ్యకు ఈ సంగతి బాగా తెలుసు. ముప్ఫయ్యేళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన "రైట్" అంటే బస్సు వెనక నిద్రపోయేవాడు కూడా ఉలిక్కిపడి లేచేవాడు. అలాంటి గొంతులో కిందటేడు కణితి లేచింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, మాట వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. ఆయన భార్య సీతారావమ్మ డాక్టరుకు దండం పెట్టి, ఆస్పత్రి మెట్ల మీదే తూర్పుకు తిరిగి మొక్కుకుంది. "తల్లీ, ఈయనకు మాట ఇయ్యి. ఈయన గొంతుతోనే నీ ఊళ్లో నీళ్లడిగిస్తాను. అందాకా నేను ఉప్పు ముట్టను."

ఎనిమిది నెలలకు పేరయ్యకు మాట వచ్చింది. పాత గొంతు కాదు, రేకు మీద ఇసుక పోసినట్టుండే గొంతు. అయినా మాటే. ఈలోగా సీతారావమ్మ చప్పిడి తిండితో చిక్కి సగమైంది. నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. ఒంట్లో ఉప్పు అడుగంటిందనీ, ఇంకో పదిరోజులు ఇలాగే ఉంటే మంచం ఎక్కించాల్సి వస్తుందనీ డాక్టరు కేకలేశాడు.

"మజ్జిగలో చిటికెడు వేసుకోరాదటే? అమ్మవారేం అనుకోదు," అన్నాడు పేరయ్య.

"ఆవిడ అనుకోదు. నేననుకుంటా," అంది సీతారావమ్మ. "రేపే బయల్దేరదాం పదండి."

అలా ఇద్దరూ ఒక రాత్రి రైల్లో, ఒక పూట బస్సులో కూర్చుని కొండ దగ్గర దిగారు. సీతారావమ్మ చేతిసంచిలో పసుపు, కుంకుమ, ఎర్ర రవికెల గుడ్డ, తిన్న విస్తరాకులు మూటగట్టి వెనక్కి తెచ్చుకోవడానికి ఒక ఖాళీ సంచి ఉన్నాయి. పన్నెండేళ్ల కిందట వచ్చినప్పుడూ ఆవిడ అలాగే తెచ్చింది. పరాయి ఊళ్లో మన ఎంగిలి వదలకూడదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. వాళ్లమ్మ చేస్తుంటే చూసింది, అంతే.

దిగిన చోట పాత మామిడితోపు లేదు. దాని స్థానంలో పెద్ద కమాను, వెనక అద్దాల మేడ ఉన్నాయి. కమాను మీద "గౌరవపూర్వక బాధ్యతాయుత పర్యటనా ప్రాధికార సంస్థ" అని రాసి ఉంది. నలభై మామిడిచెట్లు కొట్టి కట్టిన ఆ మేడ గోడ మీద "ఒక్క ఆకునైనా తెంపకండి" అన్న బోర్డు, పచ్చరంగులో, చాలా అందంగా ఉంది.

లోపలికి వెళ్లిన ప్రతివాళ్లూ రెండు గంటల అవగాహన తరగతి వినాలి. వినకుండా ముందుకు వదలరు. సంస్థ ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు స్వయంగా పాఠం చెబుతున్నాడు. మెడలో తువ్వాలు వేసుకుని, ఊపిరి పీల్చుకోవడం కూడా ఒక ఉత్తర్వు ప్రకారమే పీలుస్తున్నట్టు కనిపించే మనిషి.

"పర్యాటకుడు అనగా ఒక భారము," అని మొదలుపెట్టాడు ఆయన. "స్థానిక ప్రజలు అనగా ఒక సున్నితమైన వనరు. సదరు వనరును చూపు ద్వారా గాని, మాట ద్వారా గాని, చిరునవ్వు ద్వారా గాని అరగదీయరాదు. ఒక్కొక్క పర్యాటకుడు ఒక్కొక్క స్థానికుణ్ణి సగటున పదకొండు ప్రశ్నలు అడుగుచున్నట్లు మా అధ్యయనంలో తేలినది. ఈ లెక్కన ఇరవై ఏళ్లలో ఈ ఊరిలో జవాబులు అయిపోవు ప్రమాదమున్నది."

వెనక వరసలో ఎవరో నవ్వబోయి, చుట్టూ చూసి దగ్గుగా మార్చుకున్నారు.

"కనుక మొదటి దశలో పర్యాటకులు స్థానికులకు ఇరవై అడుగుల దూరంలో ఉండాలని ఆదేశించాము. పర్యాటకులు దూరంనుంచే తేరిపార చూచుచున్నారు. రెండో దశలో ఇళ్లన్నిటికీ పచ్చని తెరలు కట్టించాము. తెరల వెనుక ఏమున్నదోనని ఆసక్తి మరింత పెరిగినది. అందుచేత మూడో దశ ప్రవేశపెట్టాము. ఇప్పుడు పర్యాటకులు స్థానికులతో మాట్లాడరాదు, వారినుంచి ఏదియు అడగరాదు, స్వీకరించరాదు."

పేరయ్య చెయ్యెత్తాడు. "అయ్యా, తెరలు కట్టమని ఊళ్లోవాళ్లడిగారాండీ?"

"ఇబ్బంది పడుచున్నారని ఫిర్యాదు రాగల అవకాశమున్నదని మా కమిటీ ముందుగానే గ్రహించినది."

"అంటే రాలేదు. పోనీ, ఇబ్బందిగా ఉందా అని మీరు వాళ్లనడిగారా?"

త్రివిక్రమరావు జాలిగా చూశాడు. "అడిగితే వారికి ఇబ్బంది కలుగును కదా! వారిపై గల గౌరవం చేతనే అడగలేదు."

సీతారావమ్మ ఉండబట్టలేక లేచి నిలబడింది. లేవగానే కళ్లు తిరిగి ముందు కుర్చీ పట్టుకుంది. "బాబూ, మాది మొక్కు. ఈయన గడప ముందు నీళ్లడగాలి. అడక్కుండా కొండెక్కితే లాభం లేదు."

"మంచి ప్రశ్న!" అన్నాడు త్రివిక్రమరావు. ఆవిడ ప్రశ్న అడగలేదు. "గడప నీళ్ల ఆచారం మన అమూల్య వారసత్వము. దానిని పరిరక్షించుటకు మేము ప్రత్యేక అనుభవ కేంద్రము నిర్మించినాము. తరగతి పిమ్మట అందరూ అచ్చట ఆచారాన్ని సంపూర్ణముగా అనుభవించవచ్చును."

పక్క గదిలో అట్టతో చేసిన ఒక గడప ఉంది. దానికి పసుపు రంగు, కుంకుమ చుక్కలు వేశారు. పక్కన ప్లాస్టిక్ తులసి. గడపకు అవతల నేతచీర కట్టుకుని, కొప్పులో పువ్వులు పెట్టుకున్న ఉద్యోగిని నిలబడి ఉంది. మెడలో గుర్తింపు కార్డు. పేరయ్యను చూడగానే కార్డు వెనక చూసుకుంటూ అప్పజెప్పింది. "స్వాగతం బాటసారీ. తమరు ఏ దేశమునుండి వచ్చుచున్నారు? దాహమా? ఇదిగో."

ఇత్తడి చెంబు చేతికిచ్చింది. పేరయ్య ఎత్తి గొంతులో పోసుకోబోయాడు. ఏమీ పడలేదు.

"నీళ్లేవమ్మా?"

"నీళ్లుండవండీ. అనుభూతి చెందాలి."

"నీళ్లు లేకుండా దాహం ఎట్లా తీరుద్దమ్మా?"

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మొదట్లో పోసేవాళ్లమండీ. తాగినవాళ్లు పక్కకు వెళ్లాల్సి వస్తోందని, దానికి గదులు కట్టాల్సి వస్తుందని, అది ప్రకృతికి భారమని నీళ్లు తీసేశారు. గుటక వేసినట్టు చెయ్యండి బాబాయ్. తర్వాతి వాళ్లు ఎదురుచూస్తున్నారు."

వెనకవాళ్లు ఒక్కొక్కళ్లూ వచ్చి, ఖాళీ చెంబెత్తి, గుటక వేసినట్టు చేసి, ప్లాస్టిక్ తులసికి ఖాళీ చెంబు వంచి వెళుతున్నారు. ఒకాయన మూతి కూడా తుడుచుకున్నాడు.

సీతారావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేసింది. అరుగు మీద కూలబడి, "ఎనిమిది నెలలండీ," అంది. "ఎనిమిది నెలలు చప్పిడి మెతుకులు తిన్నది అట్ట గడప చూడ్డానికా? ఇట్లాగే వెనక్కి పోతే ఉప్పు ముట్టను. ముందే చెబుతున్నా."

పేరయ్యకు భయమేసింది. ఆవిడ పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అన్న మాట ప్రకారం చేసే మనిషని ఆయనకు తెలుసు. పెళ్లయి నలభయ్యేళ్లు.

ఆవిడను నీడలో కూర్చోబెట్టి, ఊరి దారివైపు ఒక్కడే నడిచాడు. నూరడుగులు వేశాడో లేదో గట్టిగా ఈల వినిపించింది. పచ్చచొక్కా తొడుక్కున్న ఒక యాభయ్యేళ్ల మనిషి పరుగెత్తుకొచ్చాడు. చొక్కా మీద "మర్యాద రక్షకుడు" అని ఉంది.

"ఆగండి బావూ! అటెల్లకూడదు. సానికులకి ఇబ్బందవుద్ది."

"నువ్వు ఈ ఊరివాడివేనా?"

"ఈ ఊరేనండి. నా పేరు సింహాద్రి. ఆ మొదటిల్లు మా వొదిన అప్పలనరసమ్మది. దాని యెనకమాలది నాది."

"మరి నువ్వు స్థానికుడివేగా? నీతో నేను మాట్లాడుతున్నానే!"

సింహాద్రి చొక్కా లాగి చూపించాడు. "ఇది తొడుక్కున్నంతసేపూ నాను సానికుణ్ణి కాదంట బావూ. ఆపీసరుగారు రాసిచ్చీసినారు. పొద్దున మా ఆడది సద్దన్నం అట్టుకొస్తే నా మీద నానే ఈలేసుకున్నాను. రాత్తిరి ఇంటికెల్లి చొక్కా ఇప్పితే గాని అది నాతో మాటాడకూడదు."

తెర వెనకనుంచి ఆడగొంతు ఒకటి ఖణేల్మంది. "ఓరి సింహాద్రీ! ఎవుల్రా వొచ్చినోరు? ఎండన నిలబెట్టేసినావు!"

సింహాద్రి తడబడి, గొంతు సవరించుకుని, తెరవైపు తిరిగి ఈల వేశాడు.

"నీ ఈల తగలెయ్య! ఎత్తుకు పెంచిన వొదినమీద ఈలేత్తావురా?" అంది ఆ గొంతు. "ఆరు నెలలయ్యింది బావూ, మా గడపకాడ మనిషి నీళ్లడిగి! పొద్దున్నే బిందె తోమి నింపుతాను, సాయంత్రం పాదులో పారబోత్తాను. అమ్మోరికి ఏటి జవాబు సెప్పాల మేవు?"

పేరయ్య తెరవైపు ఒక అడుగు వేశాడు. అడగబోయాడు. అప్పటికే ఇంకో ఇద్దరు పచ్చచొక్కాలు ఈలలు నోట పెట్టుకుని వస్తున్నారు. వెనక్కి తిరిగాడు.

తిరిగి వచ్చేసరికి మేడ లోపల త్రివిక్రమరావు ఒక కాగితం పైకెత్తి చూపిస్తున్నాడు. బంగారు అంచు, ఎర్రటి ముద్ర.

"పర్యాటకులలో అత్యుత్తముడు ఎవరు? ఎవరు అతి తక్కువ భారము మోపుదురో వారు. అతి తక్కువ భారము ఎవరిది? అసలు రానివారిది! కనుక ఈ తరగతి విని, జ్ఞానోదయమై, ఇచ్చటినుండే వెనుదిరుగు మహనీయులకు ఆదర్శ పత్రము ఇచ్చుచున్నాము. ఇది పొందినవారు వచ్చినట్లు మా రికార్డులలో ఉండదు. నేటి సాయంత్రము మన కొండను ఉత్తమ పర్యాటక క్షేత్రముగా ఎంపిక చేయుటకు రాజధానినుండి పరిశీలకురాలు విచ్చేయుచున్నారు. ఎంతమంది రాకపోతే అంత మంచిది. ఎవరైనా ముందుకు వచ్చెదరా?"

ఎవరూ కదల్లేదు. పేరయ్య తలుపు దగ్గరే నిలబడి ఆ కాగితాన్ని దూరంనుంచే చదివాడు. ముప్ఫయ్యేళ్లు మసక వెలుతురులో టికెట్ల మీద అంకెలు చదివిన కళ్లు. "పై వ్యక్తులు పర్యాటకులుగా ఈ ప్రదేశమునకు రాలేదని ధ్రువీకరించడమైనది."

ఆయన రెండోసారి చదివాడు. తర్వాత చెయ్యెత్తాడు.

"మేమిద్దరం అండీ. పేరయ్య, సీతారావమ్మ, రేపల్లె."

హాలంతా చప్పట్లు కొట్టింది. త్రివిక్రమరావు కళ్లు చెమర్చాయి. స్వయంగా సంతకం చేసి, ముద్ర వేసి, పేరయ్య చేతిలో పెట్టి ఫోటో తీయించుకోబోయి, రానివాళ్లతో ఫోటో ఎలా దిగడమని సందేహం వచ్చి మానేశాడు.

బయట సీతారావమ్మ కాగితం చూసి మొహం చిట్లించింది. "ఏందండీ ఇది? వచ్చి రాలేదని రాయించుకుంటారా? అమ్మవారి దగ్గరకు అబద్ధం మోసుకుపోతామా?"

"నిదానంగా చదువు. పర్యాటకులుగా రాలేదు అని ఉంది. మనం షికారుకొచ్చామా? మొక్కు తీర్చుకోడానికొచ్చాం. ఇందులో అబద్ధం ఎక్కడుందే?"

ఆవిడ వేలుతో ఒక్కొక్క అక్షరం తడుముతూ చదివింది. "నిజమే," అంది చివరికి, ఒప్పుకోవడం ఇష్టంలేనట్టు. "మరి దీంతో ఏం చేస్తారు?"

"దిగిపోయినట్టు రాసుకున్న ప్యాసింజరును ఏ చెకింగు ఇన్‌స్పెక్టరూ టికెట్ అడగలేడు. నా ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా చూడలేదు. పద."

ఇద్దరూ ఊరి దారి పట్టారు. సీతారావమ్మ ఆయన భుజం పట్టుకుని ఆగి ఆగి నడిచింది. ఊరి మొదట్లో చెప్పులు విడిచారు. ఈల మోగింది. సింహాద్రి వచ్చాడు.

"బావూ, మళ్లీ మీరేనా? సెప్పినాను గదా!"

పేరయ్య కాగితం చేతికిచ్చాడు. సింహాద్రి పెదవులు కదుపుతూ చదివాడు. ముద్ర చూశాడు. సంతకం చూశాడు. వాళ్లిద్దర్నీ పైనుంచి కిందికి చూశాడు. నోట్లో ఈల అలాగే ఉండిపోయింది.

"అయితే మీరు... రానేదా?"

"రాలేదని మీ ఆఫీసరుగారే రాశారు."

"మరి నానెవుర్ని ఆపాలి?"

"అదే నేనూ అడుగుతున్నా."

సింహాద్రి మెల్లగా ఈల తీసి జేబులో వేసుకున్నాడు. వాడి మొహం మీద ఆరు నెలలుగా లేని వెలుగొకటి వచ్చింది. "రానోల్ని ఆపమని నాకు ఆర్డరు నేదు బావూ," అని, తనే వెళ్లి పచ్చతెర ఒక కొసన పైకెత్తి పట్టుకుని మొహం అటు తిప్పుకున్నాడు.

తెర వెనక నిజమైన గడప ఉంది. అరిగిన చెక్క, వెలిసిన పసుపు, పక్కన బంతిమొక్క. పేరయ్య ఆ గడప ముందు నిలబడ్డాడు. రైల్లో రాత్రంతా మనసులో అనుకుంటూ వచ్చిన మాట ఇప్పుడు గొంతు దాటడం లేదు. చేతులు జోడించాడు.

"అమ్మా," అన్నాడు. రేకు మీద ఇసుక జారింది. "దాహం."

అప్పలనరసమ్మ అప్పటికే చెంబుతో నిలబడి ఉంది. నెరిసిన జుట్టు, మోచేతిదాకా పచ్చబొట్లు. వెంటనే ఇవ్వలేదు. ఆచారం ప్రకారం అడిగింది. "ఎక్కడ్నుంచొచ్చినారు నాయినా?"

"రేపల్లె తల్లీ."

"ఏం ఆపదొచ్చింది?"

"మాట పోయింది. అమ్మ ఇచ్చింది. ఆ మాటతోనే అడుగుదామని వచ్చా."

అప్పలనరసమ్మ కొంగుతో కళ్లొత్తుకుని చెంబు ఇచ్చింది. నీళ్లు కుండవాసన వేస్తున్నాయి. పేరయ్య తాగాడు, సీతారావమ్మ తాగింది. చివరి గుక్క బంతిమొక్కకు పోశారు.

కొండ మీద వాళ్లకు ఎవరూ అడ్డు రాలేదు. మెట్ల దగ్గర కాపలావాడు కాగితం చదివి, మనుషులు నడుస్తున్న చోట గాలి వీస్తున్నట్టు పక్కకు తప్పుకున్నాడు. సీతారావమ్మ నాలుగుసార్లు కూర్చుని ఎక్కింది. రవికెల గుడ్డ అమ్మవారి పాదాల దగ్గర పెట్టి ఏమీ కోరుకోలేదు.

దిగివచ్చేసరికి పొద్దు వాలింది. అప్పలనరసమ్మ వాళ్లను గడపలో కూర్చోబెట్టింది. "అక్కా, మొకం సూడు, నెత్తురు సుక్క నేదు. ముందు అంబలి తాగు," అని పొయ్యి మీది దాకలోంచి వేడివేడిగా గిన్నెలోకి వంచింది. ఉప్పురాళ్లు వేసి గరిటెతో తిప్పింది.

అప్పుడే దుమ్ము లేపుకుంటూ తొమ్మిది కార్లు వచ్చి ఆగాయి. భారం తగ్గించే విషయం పరిశీలించడానికి వచ్చినావిడ మూడో కారులోంచి దిగింది. తెల్లని ఖద్దరు చీర, నల్ల కళ్లద్దాలు. దారిలో ఎండకు మొహం కందిపోయింది. వెనక త్రివిక్రమరావు గొడుగు పట్టుకుని పరుగెడుతున్నాడు. పైకెత్తిన తెర కింద గడపలో కూర్చున్న ఇద్దరినీ చూసి ఆయన గొడుగుతో సహా ఆగిపోయాడు.

"ఎవరు వాళ్లు?" అంది పరిశీలకురాలు.

త్రివిక్రమరావు సింహాద్రివైపు నిప్పులు కక్కుతూ చూశాడు. సింహాద్రి సెల్యూట్ కొట్టాడు. "రానేదండి, వాల్లు. తమరే రాసినారు."

పేరయ్య లేచి, వినయంగా కాగితం చాపి పట్టుకున్నాడు. త్రివిక్రమరావు తన సంతకాన్ని తనే చూసుకున్నాడు. వచ్చారంటే తన సంతకం తప్పవుతుంది. రాలేదంటే తన కళ్లు తప్పవుతాయి. ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు. ఉద్యోగులు ఇలాంటి చోట ఏం చేస్తారో అదే చేశాడు.

"ఎవరూ లేరు మేడమ్," అన్నాడు, వాళ్లిద్దరి మధ్యనుంచి గోడవైపు చూస్తూ. "ఈ రోజు ఒక్క పర్యాటకుడు కూడా లోనికి రాలేదు."

"అద్భుతం," అంది ఆవిడ, కళ్లద్దాలు తీయకుండానే. పెదవులు తడుపుకుంది. "కొంచెం మంచినీళ్లు..."

"అనుభవ కేంద్రములో ఏర్పాటు చేసినాము మేడమ్!"

అప్పలనరసమ్మ ఆ మాట వినలేదు. ఆవిడ పెదవులు చూసింది. చెంబు ముంచుకుని గడప దాటి వచ్చింది. "ఏటమ్మా, గొంతెండిపోనాది! అడిగీ తల్లీ, ఒక్కమాట అడిగీ, ఇచ్చేత్తాను."

పరిశీలకురాలు చెంబువైపు చూసింది. నీళ్లవైపు చూసింది. చుట్టూ తొమ్మిది కార్లలోంచి దిగినవాళ్లు తనవైపు చూస్తున్నారు. అడగడానికి నోరు తెరిచినట్టే అయింది.

త్రివిక్రమరావు సింహాద్రి జేబులోంచి ఈల లాక్కుని తనే ఊదాడు.

పరిశీలకురాలు నోరు మూసుకుంది. అందరూ కలిసి ఆవిడను అద్దాల మేడలోకి తీసుకుపోయారు. కాసేపటికి అక్కడినుంచి చప్పట్లు వినిపించాయి. ఖాళీ చెంబెత్తి ఆవిడ చాలా బాగా తాగిందనీ, కొండకు బహుమతి ఖాయమైందనీ సింహాద్రి వచ్చి చెప్పాడు. చెబుతూనే పచ్చచొక్కా విప్పి భుజాన వేసుకుని, వదిన ముందు కూర్చుని, "నాకూ పొయ్యి," అన్నాడు.

"అడుగు సరిగ్గా!" అంది అప్పలనరసమ్మ.

"అమ్మా, దాహం," అన్నాడు సింహాద్రి.

గిన్నె కాలుతూ ఉంది. సీతారావమ్మ చేత్తో పట్టుకోలేక కింద పెట్టబోతే, పేరయ్య జేబులోంచి బంగారు అంచు కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి గిన్నె కింద వేశాడు. ఆవిడ మొదటి గుక్క తాగింది. ఊదుకుంటూ గిన్నె ఖాళీ చేసింది.

"ఉప్పు సరిపోనాదా అక్కా?" అంది అప్పలనరసమ్మ.

సీతారావమ్మ గిన్నె మళ్లీ ముందుకు చాపింది. కింద కాగితం మీద, ఎర్రటి ముద్ర ఉన్న చోటనే, గుండ్రంగా అంబలి మరక పడింది.